సైతాను, తెనాలి రామకృష్ణుడు, నా బ్లూస్ పిచ్చి

2025లో 'సిన్నర్స్' అని ఒక అమెరికన్ సినిమా వచ్చింది. 1932 నాటి మిసిసిపీలో, గిటారు వాయించే ఒక పాస్టరు గారి అబ్బాయి కథ. మా తమ్ముడి కొడుకు ఆ సినిమా చూసి రాత్రి పదింటికి ఫోన్ చేశాడు.

"పెదనాన్నా, నువ్వు చెప్పేవాడివి గుర్తుందా? నాలుగు రోడ్ల కూడలిలో సైతానుకి ఆత్మని అమ్మేసి గిటారు నేర్చుకున్నవాడి కథ. అది గుర్తొచ్చింది" అన్నాడు.

"నేను చెప్పానా?"

"భలేవాడివే! నా చిన్నప్పుడు కరెంటు పోయినప్పుడల్లా చెప్పేవాడివి. దుప్పటి ముసుగేసుకుని పడుకునేవాణ్ణి."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. చేతబడులూ బాబాల మహిమలూ ఉత్తివని ఊరూరా తిరిగి చెప్పిన నేను, ఇంట్లో పిల్లవాడికి నూరిపోసింది సైతాను కథన్నమాట! దాని ముందూ వెనకా ఒకసారి రాసుకుంటే గానీ మనసు కుదుటపడేలా లేదు. పనిలో పనిగా నాకిష్టమైన పాటగాళ్ళ గురించీ, వాళ్ళు నాకెలా తారసపడ్డారన్న దాని గురించీ చెప్పుకోవచ్చు. "హేతువాదికి ఈ గోలేంటి?" అని మిత్రులు చాలాకాలంగా అడుగుతూనే ఉన్నారు.

మాది తెనాలి. మాకు సంగీతమంటే నాటకం పద్యం. పరిషత్తు పోటీల్లో నటుడు పద్యం పూర్తి చేసి, చివరి అక్షరం పట్టుకుని రాగం తీస్తుంటే వెనక బెంచీల వాళ్ళు "వన్స్ మోర్" అని అరవడం, నేను మా నాన్న ఒళ్ళో నిద్రపోవడం. అది తప్పితే రేడియో. ఇంగ్లీషు పాట అనేది ఒకటుందని తెలుసు గానీ, అది వేరే లోకం. బీకాం చదివాను. 1982లో రక్షణ శాఖ లెక్కల విభాగంలో ఆడిటరు ఉద్యోగం వచ్చింది. 1984లో షిల్లాంగ్ వేశారు. అమ్మ ఏడ్చింది. నాకేమో అది ఏ దిక్కునుందో మ్యాపులో వెతుక్కోవాల్సి వచ్చింది.

షిల్లాంగ్ సంగతి తెలియని వాళ్ళ కోసం ఒక మాట. అక్కడ వీధికో గిటారు ఉంటుంది. 1972 నుంచీ లూ మజావ్ అనే ఆయన ఏటా మే 24న బాబ్ డిలన్ పుట్టినరోజు పాటలతో జరుపుతున్నాడు. డిలన్‌కి నోబెల్ వచ్చింది 2016లో. షిల్లాంగ్ వాళ్ళు అంతకు 44 ఏళ్ళ ముందే ఇచ్చేశారు.

మా ఆఫీసులో ఒక ఖాసీ సీనియరు ఉండేవాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద. అక్కడ మగవాళ్ళని గౌరవంగా 'బా' అంటారు, మనం అన్నా అన్నట్టు. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ప్రతి ఆదివారం చర్చిలో పాడేవాడు, మిగిలిన ఆరు రోజులూ బ్లూస్ వాయించేవాడు. నేను దిగిన గది వాళ్ళింటికి రెండిళ్ళ అవతల. చేరిన మొదటి వారం, ఎడతెరిపి లేని వానలో, వాళ్ళింట్లోంచి ఒక గొంతు వినబడింది. ఎవరో పెద్దమనిషి గొంతు బొంగురుపోయేదాకా ఏడుస్తున్నాడనుకున్నాను. చావేమోనని గొడుగేసుకుని పరుగెత్తాను. తలుపు తీసి బా నవ్వాడు. లోపల టేప్‌రికార్డరు. పాడుతున్నది హౌలిన్ ఉల్ఫ్. ఆ పాట 'స్మోక్‌స్టాక్ లైట్నింగ్', 1956 నాటిది.

ఇంగ్లీషు మాటలు ఒక్కటి అర్థమైతే ఒట్టు. కానీ మాట ఆగిపోయి గొంతు మాత్రం పైకి లేచే చోట ఉలిక్కిపడ్డాను. అది మా తెనాలి పద్యం చివరి రాగంలా ఉంది! రాగం వేరే, బాధ వేరే. కానీ మాట చాలనప్పుడు గొంతు చేసే పని ఒకటే. ఆ రాత్రి నుంచి నేను బా ఇంటి మనిషినైపోయాను.

బ్లూస్ అంటే ఏమిటో ఆయనే చెప్పాడు, మా భాషలో. "మీ లెక్కలకి 12 నెలలు, మా పాటకి 12 బార్లు. మూడే మూడు కార్డులు. మొదటి లైను ఒకసారి చెప్తాం. వినలేదేమోనని రెండోసారి చెప్తాం. మూడో లైన్లో జవాబు." అంతే! లెక్క ఇంత చిన్నది కాబట్టే అందులో మోసం కుదరదు. పాడేవాడి దగ్గర సరుకు లేకపోతే రెండో లైనుకే తెలిసిపోతుంది. పాడేవాడు ఒక మాట అంటే గిటారు తిరిగి పలుకుతుంది. మన బుర్రకథలో కథకుడికి వంత పలికినట్టే. పుట్టుక కూడా మన ఊడ్పు పాటల్లాంటిదే, పత్తి చేలల్లో, కూలి పనుల్లో. కాకపోతే వాళ్ళ వెనక బానిసతనం ఉంది.

ఆడిటరు బుద్ధి ఎక్కడికి పోతుంది? బా దగ్గరున్న రికార్డులు తిరగేస్తూ నేను మొదట చూసేది పాట పేరు పక్కన బ్రాకెట్లో చిన్న అక్షరాల్లో ఉండే పేరు. పాట రాసినవాడి పేరు, అంటే డబ్బు చేరాల్సినవాడి పేరు. రోలింగ్ స్టోన్స్ కుర్రాళ్ళ మొదటి ఆల్బం (1964) తీశాను. ఒక పాట పక్కన 'డిక్సన్' అని ఉంది. ఎవరీ డిక్సన్? విల్లీ డిక్సన్, షికాగోలో చెస్ అనే కంపెనీకి పాటలు రాసిన నల్లజాతి మనిషి. ఆ రోలింగ్ స్టోన్స్ పేరు కూడా అరువే. 1950లో మడ్డీ వాటర్స్ పాడిన పాట పేరది. ఆ మడ్డీ వాటర్స్‌ని 1941లో మిసిసిపీలోని ఒక పత్తి తోటలో, ట్రాక్టరు నడిపే రోజుల్లో, అలన్ లోమాక్స్ అనే జానపద పరిశోధకుడు రికార్డు చేశాడు. రెండేళ్ళకి ఆయన రైలెక్కి షికాగో వెళ్ళి, ఆ గోలలో వినబడడానికి ఎలక్ట్రిక్ గిటారు పట్టుకున్నాడు. రాక్ అనేది అక్కడ మొలిచింది.

ఇలా బ్రాకెట్ల వెంట వెనక్కి వెనక్కి వెళ్ళడమే నా సంగీత విద్య. ఒక్కోచోట బ్రాకెట్లో ఉండాల్సిన పేరే ఉండేది కాదు. లెడ్ జెపెలిన్ 1969లో చేసిన 'హోల్ లొట్టా లవ్' అంటే నాకు ఇప్పటికీ ప్రాణం. కానీ అందులో మాటలు కొన్ని 1962లో మడ్డీ వాటర్స్ పాడిన డిక్సన్ పాటలోవి. డిక్సన్ 1985లో దావా వేశాడు. 1987లో కోర్టు బయట రాజీ పడ్డారు. ఇప్పుడు ఆ పాటకి డిక్సన్ పేరు కూడా ఉంటుంది. ఆయన 1992లో పోయాడు. పోయేలోపు తనలాంటి పాతతరం పాటగాళ్ళకి రావాల్సిన బాకీలు రాబట్టడానికి ఒక సంస్థ కూడా పెట్టాడు. మనకి ఇలాంటివాళ్ళంటే గౌరవం. కళాకారుడు లెక్కలు అడిగితే చిన్నతనంగా చూసే దేశం మనది.

లెక్కల మాట వచ్చింది కాబట్టి మళ్ళీ హౌలిన్ ఉల్ఫ్ దగ్గరికి రావాలి. అసలు పేరు చెస్టర్ బర్నెట్. ఆరడుగుల మూడంగుళాల మనిషి, 1910లో పుట్టాడు. స్టేజి మీద పాకుతూ, గర్జిస్తూ పాడేవాడు. చూసినవాళ్ళకి రాక్షసుడే. కానీ పద్దుల దగ్గర? నలభై దాటేదాకా సరిగా చదవడం, రాయడం రాని ఆ మనిషి పెద్దయ్యాక మళ్ళీ బడికి వెళ్ళాడు. తన వ్యవహారాలు తనే చూసుకోవాలని అకౌంటింగ్ కోర్సులు చదివాడు. తన బ్యాండులో వాయించేవాళ్ళకి జీతం వేళకి ఇచ్చేవాడు, ఆరోగ్య బీమా కట్టేవాడు. 1950ల షికాగో క్లబ్బుల్లో ఇది వింత. బ్లూస్ పాటగాడంటే తాగి, తగాదాలు పడి, జేబులో దమ్మిడీ లేకుండా పోయేవాడని అనుకుంటాం కదా. ఈయన చక్కగా జమాఖర్చులు రాసుకుని, 1976 జనవరిలో పోయాడు. మా డిపార్టుమెంటు మొత్తం మీద నేను పటం కట్టించుకున్నది ఈయన ఒక్కడిదే.

ఆయన జీవితంలో ఒక ముల్లు మాత్రం మిగిలిపోయింది. తల్లి మహా భక్తురాలు. కొడుకు పాడేది సైతాను సంగీతమని దూరం పెట్టింది. పెద్దవాడయ్యాక డబ్బు ఇవ్వబోతే, అది సైతాను డబ్బని తీసుకోలేదు. ఈ 'సైతాను సంగీతం' అనే మాట గుర్తుపెట్టుకోండి, దాని పని ముందుంది.

ఇక అసలు కథ. ఒక వాన రాత్రి బా నాకు రాబర్ట్ జాన్సన్ గురించి చెప్పాడు. గిటారు సరిగా పట్టుకోవడం రాని కుర్రాడట. ఒక రోజు మాయమైపోయాడట. అర్ధరాత్రి నాలుగు రోడ్ల కూడలిలో నల్లటి మనిషి ఒకడు ఎదురై, గిటారు తీసుకుని శ్రుతి చేసి ఇచ్చాడట. తిరిగొచ్చేసరికి ఎవరూ వాయించలేనంతగా వాయించాడట. 27 ఏళ్ళకే సైతాను బాకీ వసూలు చేసుకున్నాడట. బయట వాన, లోపల జాన్సన్ గొంతు. కథ నాకు పట్టేసింది. ఆయన కథగా చెప్పాడు. నేను పద్దుగా రాసుకున్నాను.

1987లో పుణె బదిలీ అయింది, 1999లో సికింద్రాబాదు. ఎక్కడున్నా ఈ కథ చెప్పేవాణ్ణి. సైతాను ఉన్నాడని నేను నమ్మానని కాదు సుమండీ. "జాన్సన్ తనే అలా చెప్పుకున్నాడు, జనం నమ్మారు" అని చెప్పేవాణ్ణి. మూఢనమ్మకం ఎలా పుడుతుందో చెప్పడానికి ఉదాహరణగా కూడా వాడేవాణ్ణి.

2004లో నల్లగొండ జిల్లాలో ఒక జూనియర్ కాలేజీలో మా మిత్రులు మహిమల గుట్టు విప్పే కార్యక్రమం పెట్టారు. నాలుక మీద కర్పూరం వెలిగించడం, చేతిలోంచి విభూతి రాల్చడం, అన్నీ చేసి చూపించి, వెనక కిటుకు చెప్పాం. ఆఖరున నేను మాట్లాడుతూ జాన్సన్ కథ ఎత్తుకున్నాను. ముందు వరసలో ఇంటరు చదివే అమ్మాయి లేచింది.

"అతనే చెప్పుకున్నాడన్నారు కదా సార్, ఎక్కడ చెప్పాడు?"

నేను నీళ్ళు నమిలాను. "పుస్తకాల్లో ఉందమ్మా" అన్నాను.

ఆ పిల్ల కూర్చోలేదు. "నాకు టెన్తులో స్కూలు ఫస్టొచ్చింది సార్. మా నాయనమ్మ యాదగిరిగుట్టకు మొక్కింది, అందుకే వచ్చిందని ఊరంతా చెప్పింది. రాత్రి రెండింటి దాకా చదివింది నేను. ఆ గిటారు ఆయన కూడా ఎక్కడో కూర్చుని నేర్చుకుని ఉంటాడు కదా సార్?"

హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. చెవులు మాత్రం వేడెక్కాయి. ఇరవై రెండేళ్ళు ఇతరుల బిల్లుల మీద 'ఓచరు జతపరచలేదు' అని ఎర్ర సిరాతో రాసినవాణ్ణి. సొంత పద్దు ఒక్క కాగితం ముక్క లేకుండా పాస్ చేసేశాను. అదీ ఇరవై ఏళ్ళుగా!

ఆ ఏడాది నుంచి తవ్వడం మొదలుపెట్టాను. అప్పుడు కొంత, తరవాత వచ్చిన పుస్తకాల వల్ల మరికొంత తేలింది. 2019లో బ్రూస్ కాన్‌ఫోర్త్, గేల్ డీన్ వార్డ్‌లో అనే ఇద్దరు పరిశోధకులు రాసిన జీవిత చరిత్ర వచ్చాక దాదాపు అంతా స్పష్టమైంది. లెక్క ఇదీ:

జాన్సన్ 1911లో పుట్టాడు. మొదట్లో బాగా వాయించేవాడు కాదన్నది నిజమే. సన్ హౌస్ అనే పెద్ద గిటారిస్టు ఆ మాట చెప్పాడు. తరవాత జాన్సన్ ఊరు వదిలి వెళ్ళిన మాటా నిజమే. వెళ్ళింది కూడలికి కాదు, తను పుట్టిన హేజిల్‌హర్స్ట్ ప్రాంతానికి. అక్కడ ఐక్ జిమ్మర్‌మన్ అనే గిటారు మాస్టారు దొరికాడు. జాన్సన్ ఆయన ఇంట్లోనే ఉండి నేర్చుకున్నాడు. రాత్రిళ్ళు ఇద్దరూ ఊరి శ్మశానానికి వెళ్ళి సమాధుల మీద కూర్చుని సాధన చేసేవాళ్ళు. ఎందుకంటే అక్కడ నిశ్శబ్దం, ఎవరి నిద్రా చెడదు. శ్మశానం అనే మాట ఒక్కటి చాలదూ, జనం మిగతాది అల్లుకోవడానికి?

సైతాను ఒప్పందం కథ నిజానికి టామీ జాన్సన్ అనే ఇంకో పాటగాడిది. ఇద్దరికీ చుట్టరికం లేదు, ఇంటిపేరు ఒకటే. వాడి పద్దు వీడి ఖాతాలో పడింది! ఇక రాబర్ట్ పాడిన 'క్రాస్ రోడ్ బ్లూస్' పాట. నేను వందసార్లు విని ఉంటాను. మాటలు కాగితం మీద పెట్టుకుని చదివితే అందులో సైతాను ఊసే లేదు. చీకటి పడుతుండగా కూడలిలో నిలబడిన మనిషి మోకరిల్లి దేవుణ్ణి వేడుకుంటాడు, బండి ఎక్కించుకోమని పోయేవాళ్ళని చెయ్యెత్తి అడుగుతాడు, ఎవరూ ఆపరు. అప్పటి మిసిసిపీలో చీకటి పడ్డాక ఒంటరిగా రోడ్డు మీద దొరికిన నల్లవాడికి భయపడాల్సింది సైతానుకి కాదు. ఆ భయాన్ని పాడితే మనం దెయ్యం కథగా విన్నాం.

ఇంకో సంగతి నన్ను బాగా కలచివేసింది. 1930లో జాన్సన్ భార్య పదహారేళ్ళ పిల్ల, కాన్పులో బిడ్డతో సహా చనిపోయింది. అది అతను భక్తి పాటలు వదిలి లోకం పాటలు పాడినందుకు దేవుడు వేసిన శిక్ష అని ఆమె బంధువులు అన్నారు. ఆ పాటలు పాడడాన్నే అక్కడ 'సైతానుకి ఆత్మని అమ్ముకోవడం' అనేవాళ్ళు. అంటే అదొక తిట్టు. ఆడపిల్ల వైద్యం లేక చచ్చిపోతే మొగుడి పాటని నిందించిన తిట్టు. దాన్ని పట్టుకుని నేను కరెంటు పోయినప్పుడల్లా పిల్లల్ని భయపెట్టాను.

జాన్సన్ 1936 నవంబరులో శాన్ ఆంటోనియోలో, 1937 జూన్‌లో డల్లస్‌లో కలిపి 29 పాటలు రికార్డు చేశాడు. 1938 ఆగస్టు 16న పోయాడు. 1968లో దొరికిన మరణ ధ్రువపత్రంలో కారణం రాయాల్సిన చోట 'డాక్టరు లేడు' అని ఉంది. నాకు తెలిసి బ్లూస్ మొత్తంలో అంతకన్నా బరువైన మాట లేదు.

ఇదంతా చదువుతుంటే మా ఊరి పేరు మోస్తున్న రామకృష్ణుడు గుర్తొచ్చాడు. కాళికాదేవి ప్రత్యక్షమై రెండు గిన్నెలు చూపిస్తే రెండూ తాగేశాడని, అందుకే కవి అయ్యాడని చిన్నప్పుడు అందరం చదువుకున్నాం. 'పాండురంగ మాహాత్మ్యం' రాసిన మనిషి ఎన్ని ఛందస్సులు సాధన చేశాడో, ఎన్ని రాత్రులు నూనె దీపం కింద కూర్చున్నాడో ఎవరికీ అక్కర్లేదు. గిన్నె కథ చాలు. కాళిదాసుకీ అంతే. మనకి అమ్మవారు, వాళ్ళకి సైతాను. ఎటు తిరిగీ కష్టపడినవాడి పేరు బ్రాకెట్లోంచి తీసేయడమే. అందులోనూ పేదవాడు, నల్లవాడు, కింది కులంవాడు బాగా చేస్తే మనకి అస్సలు నమ్మబుద్ధి కాదు. ఎవరో ఇచ్చి ఉండాలి!

సరే, సైతానుని కొట్టివేయడం మనకి తేలిక. అలవాటైన పని. రెండో అబ్జెక్షన్ దగ్గర నాకు చెమటలు పట్టాయి.

బెస్సీ స్మిత్ అని 1920లలో బ్లూస్ మహారాణి. ఆమె నాకు షిల్లాంగ్‌లోనే పరిచయం. 1937 సెప్టెంబరు 26 తెల్లవారుజామున మిసిసిపీలో 61వ నంబరు హైవే మీద కారు ప్రమాదం జరిగింది. తెల్లవాళ్ళ ఆసుపత్రి చేర్చుకోకపోవడం వల్ల రక్తం కారి చనిపోయిందని చదివాను. దాని మీద ఎడ్వర్డ్ ఆల్బీ నాటకం కూడా రాశాడు. నేను ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి సభల్లో ఈ ఉదంతం తప్పకుండా చెప్పేవాణ్ణి. చెప్పినప్పుడల్లా సభ కదిలిపోయేది.

అన్ని పద్దులూ తిరగేస్తున్నాను కదా, దీన్నీ తిరగేశాను. క్రిస్ ఆల్బర్ట్‌సన్ 1972లోనే ఆమె జీవిత చరిత్రలో తేల్చేశాడు. జాన్ హామండ్ అనే రికార్డు నిర్మాత విన్న మాటని ఒక పత్రికలో రాశాడు, అది పాకిపోయింది. జరిగిందేమిటంటే, ఆ దారిన పోతున్న హ్యూ స్మిత్ అనే తెల్ల డాక్టరు ఆగి ఆమెకి ప్రథమ చికిత్స చేశాడు. అంబులెన్సు ఆమెని నేరుగా క్లార్క్స్‌డేల్‌లోని నల్లవాళ్ళ ఆసుపత్రికే తీసుకెళ్ళింది. చెయ్యి తీసేశారు. మధ్యాహ్నం లోపే పోయింది. తెల్లవాళ్ళ ఆసుపత్రి కాదనలేదు, ఎందుకంటే అక్కడికి తీసుకెళ్ళాలన్న ఆలోచనే ఎవరికీ రాదని ఆ డాక్టరే తరవాత చెప్పాడు.

ఇప్పుడేం చెయ్యాలి? ఈ కథ మన పక్షాన ఉంది. చెబితే మేలు జరుగుతుంది. చెప్పకపోతే ఎవడికీ తెలియదు. రెండు నెలలు నానబెట్టి, దళిత ఉద్యమంలో పనిచేసిన ఒక మిత్రుడికి చెప్పాను. తపాలా శాఖలో రిటైరయ్యాడు, నన్ను ఆ సభలకి పిలిచేది ఆయనే. అంతా విని, "గురువుగారూ, తప్పు లెక్క మనకి లాభం చూపిస్తే కరెక్టయిపోద్దా? మీరే చెప్పండి" అన్నాడు. కాసేపాగి, "అయినా అసలు కథ ఇంకా ఘోరంగా ఉంది కదండీ. మా ఊళ్ళో కూడా మంచినీళ్ళ బావి దగ్గర మమ్మల్ని ఎవరూ గెంటలేదు. అసలు మేం వెళ్తేగా గెంటడానికి!" అన్నాడు.

మరుసటి ఏప్రిల్ 14న అదే సభలో లేచి, గతంలో నేను చెప్పింది తప్పని, జరిగింది ఇదని చెప్పాను. ఒక కుర్రాడు కోపంగా "తెల్లవాళ్ళని వెనకేసుకొస్తున్నారా?" అని అడిగాడు. నా మిత్రుడి బావి మాటే అతనికి చెప్పాను. చప్పట్లు పడలేదు. సభ అయ్యాక ఆ కుర్రాడు టీ తెచ్చిచ్చాడు, ఏమీ అనలేదు. నాకదే చాలనిపించింది.

బెస్సీ సమాధి మీద 1970 దాకా రాయి కూడా లేదు. ఆ ఏడాది ఆగస్టులో రాయి వేయించడానికి సగం డబ్బిచ్చింది జానిస్ జాప్లిన్, నాకు మహా ఇష్టమైన రాక్ గొంతు. రెండు నెలలకి, అక్టోబరు 4న, ఆమే పోయింది. 27 ఏళ్ళు. జిమీ హెండ్రిక్స్ కూడా ఆ సెప్టెంబరులోనే 27కి పోయాడు. తరవాత జిమ్ మారిసన్, 1994లో కర్ట్ కొబేన్, 2011లో ఏమీ వైన్‌హౌస్. దీనికి '27 క్లబ్' అని పేరు పెట్టి ఆ అంకెకి శాపం తగిలించారు. 2011 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఒక లెక్క అచ్చువేసింది. 1956 నుంచి 2007 దాకా బ్రిటన్‌లో నంబర్ వన్ ఆల్బం వచ్చిన 1,046 మంది సంగీతకారులని తీసుకుని చూస్తే 27 దగ్గర చావులు ప్రత్యేకంగా ఎక్కువేం లేవు. ఇరవైల్లో, ముప్ఫైల్లో మాత్రం మామూలు జనం కన్నా ఎక్కువ మంది పోతున్నారు. అంటే శాపం అంకెలో లేదు, ఆ బతుకులో ఉంది. అంకెని చూస్తూ కూర్చుంటే మనిషి కనబడడు. అంకెలతో పొట్టపోసుకున్న నేను చెబుతున్నాను.

అందరూ అలా పోరని కూడా చెప్పాలి. 2011 ఫిబ్రవరిలో ముంబైలో మెహబూబ్ స్టూడియోలో మొదటి మహీంద్రా బ్లూస్ ఫెస్టివల్ జరిగింది. సెలవు పెట్టి వెళ్ళాను. బడ్డీ గై వచ్చాడు, 1936లో లూసియానాలో పుట్టిన రైతుకూలీ కొడుకు. 74 ఏళ్ళ వయసులో గిటారుతో చిన్నపిల్లాడిలా అల్లరి చేశాడు. 'సిన్నర్స్' చివర్లో కనబడే ముసలాయన కూడా ఆయనే. మా షిల్లాంగ్ నుంచి వచ్చిన 'సోల్‌మేట్' బ్యాండు 2007లోనే మెంఫిస్‌లో అంతర్జాతీయ బ్లూస్ పోటీకి వెళ్ళొచ్చింది. ఆ వార్త చదివిన రోజు నేను ఆఫీసులో స్వీట్లు పంచాను, ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు.

చివరగా, మా ఆవిడ ప్రశ్న. ఆవిడ భక్తురాలు. మా ఇంట్లో ఒప్పందం ఏమిటంటే పొద్దున సుప్రభాతం, సాయంత్రం హౌలిన్ ఉల్ఫ్. ఒక సాయంత్రం నేను బ్లైండ్ విల్లీ జాన్సన్ పెట్టాను. కళ్ళులేని వీధి పాటగాడు, అన్నీ క్రైస్తవ భక్తి పాటలే. 1927 డిసెంబరు 3న డల్లస్‌లో పాడిన 'డార్క్ వాజ్ ద నైట్' నాకు మొదట కార్ల్ సేగన్ బృందం రాసిన పుస్తకంలో తెలిసింది. 1977లో వాయేజర్ నౌకల్లో పంపిన బంగారు రికార్డులోని 27 సంగీత ఖండాల్లో అదొకటి, మన కేసర్‌బాయి కేర్కర్ పాట పక్కన. క్రీస్తుని శిలువ వేయబోయే ముందు రాత్రి గురించిన పాత కీర్తన దానికి ఆధారం. కానీ ఇందులో మాటలు లేవు, మూలుగు ఒక్కటే.

"ఇది దేవుడి పాటేగా? మీరెలా వింటున్నారు?" అంది ఆవిడ.

ఈ ప్రశ్న షిల్లాంగ్‌లో బా కూడా అడిగాడు. నేనప్పుడు కుర్రతనంతో వాదించేవాణ్ణి. "నీ వేళ్ళు దేవుడిచ్చినవి కాదు, రోజూ పొద్దున నాలుగున్నరకి లేచి నువ్వు సంపాదించుకున్నవి" అనేవాణ్ణి. ఆయన ఎడమచేతి వేలికొసలు తీగల ఒరిపిడికి చెప్పుతోలులా గట్టిపడి ఉండేవి. ఆయన నవ్వి, "ఎవరికో ఒకరికి థాంక్స్ చెప్పకపోతే నాకు వాయించబుద్ధి కాదు. దేవుడికి వద్దంటే చెప్పు, నీకే చెబుతాను" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. 1996లో ఆయన పోయాడని ఆలస్యంగా తెలిసింది.

మా ఆవిడకి ఇలా చెప్పాను: బ్లైండ్ విల్లీ జాన్సన్ ఎవరికి మొర పెట్టుకున్నాడో ఆ విలాసంలో ఎవరూ లేరని నా అభిప్రాయం. కానీ మొర పెట్టుకున్న మనిషి ఉన్నాడు, చలి ఉంది, చీకటి ఉంది. 1945లో కాలిపోయిన ఇంటి శిథిలాల్లోనే ఉంటూ జబ్బుపడి చనిపోయాడు. ఆ బాధ విన్నవాళ్ళు మనుషులే, దాన్ని నక్షత్రాల మధ్యకి పంపిందీ మనుషులే. వినడానికి నేను నమ్మాల్సిన పనిలేదు, వింటే చాలు. ఆవిడ ఏమనుకుందో గానీ పాట అయ్యేదాకా కూర్చుంది.

పొద్దున్నే లేచి మా తమ్ముడి కొడుక్కి ఫోన్ చేశాను. "ఒరేయ్, నేను చెప్పిన కథ తప్పు. అతనికి ఒక మాస్టారున్నాడు. పేరు ఐక్ జిమ్మర్‌మన్. రాసుకో" అన్నాను. వాడికి ఏడేళ్ళ కూతురుంది, కీబోర్డు నేర్చుకుంటోంది. ఈసారి కరెంటు పోయినప్పుడు దానికి ఈ కథ చెప్పమన్నాను. రాత్రి శ్మశానంలో ఇద్దరు మనుషులు, రెండు గిటార్లు, ఎవరి నిద్రా చెడకుండా. సైతాను లేకపోయినా బాగానే ఉంటుంది.